గంట పాటకు రెండు గిగాబైట్లు

పాత క్యాసెట్‌లో గంటసేపు గోండి పాట ఉందనుకుందాం. దాన్ని పదికాలాల పాటు నిలిచేలా డిజిటల్‌లోకి మార్చాలంటే ఎంత చోటు కావాలి? లెక్క చిన్నదే. ధ్వని భాండాగారాల వాళ్లు మేలైనదిగా ఎంచే పద్ధతిలో సెకనుకు 96,000 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. ఒక్కో కొలతను 24 బిట్లలో రాస్తారు. స్టీరియో కాబట్టి రెండు వరుసలు. అన్నీ హెచ్చిస్తే సెకనుకు 46 లక్షల 8 వేల బిట్లు. గంటకు 3,600 సెకన్లు. మొత్తం 2.07 గిగాబైట్లు.

ఇలాంటి పాటలు వెయ్యి గంటలున్నా 2.07 టెరాబైట్లు. అరచేతిలో ఇమిడే ఒక్క డిస్కులో పడతాయి. జాగ్రత్త కోసం మూడు ప్రతులు తీసి మూడు చోట్ల దాచినా ఆరు టెరాబైట్ల పైచిలుకు అవుతుంది, అంతే. హైదరాబాద్ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక మోస్తరు కంపెనీకి ఆ చోటు లెక్కలోకి రాదు. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ సేవల హైదరాబాద్ రీజియన్‌ను తెరిచింది. 2030 నాటికి ఇక్కడ 36,300 కోట్ల రూపాయలు పెడతామని అప్పుడే ప్రకటించింది. సమాచారం దాచుకునే చోటు ఇంత పెద్ద ఎత్తున సిద్ధమవుతున్న నగరం ఇది. ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో గోండులుండే ఉట్నూరు, జైనూరు గుట్టల గూడేలున్నాయి. ఆ గుట్టల మీద పుట్టిన పాటలు జారిపోతుంటే కారణం చోటు లేకపోవడం కాదు.

కొరత మరో చోట ఉంది. టేపును వినిపించే యంత్రాలు తరిగిపోతున్నాయి. విని, ఇది ఏ పాటో చెప్పగల మనుషులు ఇంకా వేగంగా తరిగిపోతున్నారు. ఈ రెండో కొరతకు ఏ కంపెనీ దగ్గరా సరుకు లేదు. అంకెలతో చూస్తే ఆ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

మూడు నిమిషాల్లో రాత్రంతా పాడే కథ

ఆ లెక్కకు ముందు కొంత చరిత్ర. ఊళ్లకు వెళ్లి పాటను యంత్రంలో పట్టే పని 1890లో మొదలైంది. అమెరికాలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు పాసమాక్వొడీ తెగ పాటలను మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. ఒక్కో సిలిండర్ మీద రెండు నుంచి నాలుగు నిమిషాల పాట పట్టేది. సూది నడిచిన ప్రతిసారీ మైనం కొంచెం అరిగేది. అంటే విన్నకొద్దీ పాట తగ్గిపోయేది. 1899లో వియన్నాలో ప్రపంచంలోనే మొదటి ధ్వని భాండాగారం వెలసింది. ఆ మరుసటి ఏడాది బెర్లిన్‌లో రెండోది.

మన దేశంలో భాషావేత్త జార్జ్ గ్రియర్సన్ తన భారత భాషా సర్వే కోసం 1913 నుంచి 1929 దాకా గ్రామఫోన్ రికార్డులు తీయించాడు. 97 భాషలు, మాండలికాలు అందులో చేరాయి. నమూనాలు 240కి పైనే. అచ్చయిన సర్వే సంపుటాల కోసం గ్రియర్సన్ మనుషులు మద్రాసు ప్రెసిడెన్సీలోనూ నిజాం రాజ్యంలోనూ అడుగుపెట్టలేదు. గ్రామఫోన్ మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మద్రాసు ప్రభుత్వమే రికార్డింగు పని చూసి, ఆ పాఠాలను 1927లో పుస్తకంగా వేసింది. తెలుగు గొంతులూ వాటిలో ఉన్నాయి. ఆ సర్వే రికార్డులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా వినవచ్చు. వందేళ్ల నాటి మనిషి ఎలా మాట్లాడాడో వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అయితే నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. గోండుల కులదైవాల పూజల్లో ప్రధాన్‌లు, తోటీలు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ చెప్పే గాథ రాత్రంతా సాగుతుంది. దాన్ని మూడు నిమిషాలకు కుదిస్తే దొరికేది పల్లవీ, ఒకటి రెండు చరణాలూ. తొలినాటి రికార్డింగులన్నీ ఇలాంటి ముక్కలే. ముక్క విని పాట ఇంతే కాబోలు అనుకుంటే పాటకు అన్యాయం చేసినట్టే. అందుకే పాత రికార్డింగును చూసేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఇందులో ఏం పట్టలేదు’ అన్నది.

యంత్రం చేరని కొండల్లో కలమే పని చేసింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ రాసుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆగస్టు 29న ఏటా మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ గుర్తుంది, సవరల కోసం పడ్డ పాటు గుర్తున్నవాళ్లు తక్కువ. ఆ రాతల్లో మాట ఉంది, రాగం లేదు. పాట ఎక్కడ సాగింది, ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, వెనక ఎంతమంది అందుకున్నారు అన్నది కాగితం చెప్పలేదు.

తొలి ధ్వని భాండాగారం వెలసిన వియన్నాలోనే 1909లో పుట్టినవాడు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. అందువల్ల బ్రిటిష్ వాళ్లు ఆయన్ను హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లనివ్వలేదు. ఆ కట్టడే మన కొండజాతులకు సంబంధించి గొప్ప రచనలకు దారితీసింది. 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకాలు వచ్చాయి. వేలాది ఫొటోలు, దేశదేశాల్లో తీసిన సుమారు వంద గంటల 16 ఎం.ఎం. ఫిల్ము, డైరీలు మిగిల్చి వెళ్లాడు. అవి ఉన్నది లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో. ఆయన, ఆయన భార్య బెట్టీ నివసించిన మార్లవాయి గ్రామం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. మార్లవాయి ముచ్చట్లు లండన్‌లో ఉన్నాయంటే ఎవరినీ తప్పుపట్టడం లేదు. అక్కడ ఉండబట్టే నిలిచాయి. కానీ తాత ముఖం చూడటానికి మనవడు విదేశీ వెబ్‌సైటు వెతుక్కోవలసి రావడం సరైన స్థితి కాదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ పని మన చేతికి వచ్చింది. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కొండదొరల మధ్య తిరిగి, కూబి అనే ఆ భాష పాఠాలు, వ్యాకరణం, పదకోశం కలిపి 1969లో పుస్తకంగా తెచ్చారు. ప్రచురించింది హైదరాబాద్‌లోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ. ఆ తర్వాత 1986 నుంచి 1993 వరకు గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఆయనే వైస్‌ఛాన్సలర్. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభం కాకముందే, ఆ పరిసరాల్లో కొండభాషల గురించి ఆలోచించే మనుషులున్నారన్నమాట.

టేపు ఎందుకు చస్తుంది

అసలు పాటలు ఎక్కువగా పోగైంది టేపుల కాలంలో. 1958లో నాగ్రా-3, 1961లో ఊహెర్ 4000 వచ్చాయి. రెండూ బ్యాటరీతో నడిచే రికార్డర్లు, భుజానికి తగిలించుకుని గుట్ట ఎక్కవచ్చు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. దాంతో పరిశోధకుడికే కాదు, బడి పంతులుకీ, ఫారెస్టు ఉద్యోగికీ, ఊళ్లో కొంచెం చదువుకున్న కుర్రాడికీ రికార్డింగు అందుబాటులోకి వచ్చింది. ఏజెన్సీ పాటల్లో లెక్కకు రానిది, ఎక్కడుందో తెలియనిది ఎక్కువగా ఈ క్యాసెట్లలోనే ఉంటుందని నా నమ్మకం.

క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. అరగంట పాటకు సుమారు 86 మీటర్ల టేపు. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత ధూళిని బంధించే జిగురు పూత ఉంటుంది. శబ్దమంతా ఆ పూతలోనే. 1970, 80లలో తయారైన కొన్ని రీలు టేపుల్లో ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. యంత్రంలో పెడితే పూత ఊడి, శబ్దాన్ని చదివే తల (హెడ్) మీద అతుక్కుంటుంది. అలాంటి టేపును నిపుణులు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసి తేమ తీస్తారు. ఆ తర్వాత దొరికేది కొన్ని వారాల గడువు, ఆలోపు కాపీ చేయాలి. అన్ని టేపులకూ ఈ వైద్యం పనికిరాదు. పాత ఎసిటేట్ టేపుకు వేడి తగిలితే ఉన్నదీ పోతుంది. క్యాసెట్ల జబ్బులు వేరు. లోపల టేపును తలకు అదిమి పట్టే చిన్న మెత్త ఊడిపోతుంది, బూజు పడుతుంది, పొర మీది శబ్దం పక్క పొరకు అంటుకుని పాటకు ముందే నీడలాంటి పాట వినిపిస్తుంది.

దీర్ఘకాలం దాచడానికి 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం, 30 నుంచి 40 శాతం తేమ ఉండాలంటారు. విశాఖ మన్యంలో వానాకాలం, ఆదిలాబాద్‌లో మే నెల ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఇనుప బీరువాలో పెట్టిన టేపు ఏడాది పొడుగునా ఉడుకుతూ నానుతూ ఉంటుంది.

టేపు బతికినా దాన్ని వినిపించే యంత్రం ఉండాలి. మంచి రీలు యంత్రాలు, నాణ్యమైన క్యాసెట్ డెక్కులు తయారవడం దాదాపు ఆగిపోయింది. విడిభాగాలు దొరకవు, బాగుచేసే మెకానిక్కులు వయసు మళ్లారు. 2019లో యునెస్కో, అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం కలిసి ‘మ్యాగ్నెటిక్ టేప్ అలర్ట్’ పేరుతో ప్రపంచాన్ని హెచ్చరించాయి. అప్పటికి నిపుణులు అనుకున్న గడువు 2025. ఆ ఏడాది వెళ్లిపోయింది. తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు, కానీ ఇకపై ఏటేటా ఖర్చు పెరుగుతుంది, దక్కేది తగ్గుతుంది.

ఇంకో చిక్కు వేగంతో. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ నీరసిస్తే టేపు నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని మామూలు వేగంతో వినిపిస్తే పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆరు శాతం తేడా వస్తే అర స్వరం మారిపోతుంది. అంటే పాడినవాళ్ల శ్రుతి ఒకటి, మనం రాసుకునే శ్రుతి మరొకటి. కరెంటుతో నడిచిన యంత్రమైతే ఓ ఆధారం దొరుకుతుంది. వెనక సన్నగా మోగే కరెంటు గుయ్‌మనే మోత మన దేశంలో 50 హెర్ట్జ్ ఉండాలి. అది 53 ఉంటే వేగాన్ని ఆరు శాతం తగ్గించాలని తెలుస్తుంది. కరెంటు లేని గూడెంలో ఆ మోతా ఉండదు. అప్పుడు అదే ఊరి వాద్యాన్ని, అదే పాటను మళ్లీ విని పోల్చుకోవాలి. అందుకూ ఆ ఊరి మనిషే కావాలి.

ఇక్కడ హైటెక్ సిటీ ఇంజనీర్లకు ఒక మాట. పాత రికార్డింగు చేతికి రాగానే వెనకటి రొద తీసేసి శుభ్రం చేయాలనిపిస్తుంది. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు ఒక్క మీటతో ఆ పని చేస్తాయి. వాటిలో చాలావరకు మనిషి మాటను నిలబెట్టి మిగతాది తగ్గించేలా తయారైనవి. గోండుల దండారి పండుగ పాటలో డోలు, తుడుం, పేప్రె వాద్యాలు, గుసాడి నర్తకుల కాళ్ల గజ్జెలు వాటికి రొదగా తోస్తాయి. ధింసా నృత్యంలో అడుగుల చప్పుడే తాళం. వాటిని తుడిచేస్తే మిగిలేది పాట కాదు. కరెంటు మోత కూడా వేగం సరిచేయడానికి పనికొచ్చే ఆధారమని చూశాం కదా. అందుకే అసలు ప్రతిలో ఏదీ మార్చకుండా ఉన్నదున్నట్టు దాచాలి. శుభ్రం చేయాలనుకుంటే విడిగా మరో కాపీ మీద చేసుకోవచ్చు. అలాగే ఎంపీ3లోకి మార్చి సరిపెట్టుకోకూడదు. 128 కిలోబిట్ల ఎంపీ3లో గంట పాటకు 57.6 మెగాబైట్లు చాలు. అసలు ప్రతిలో 36వ వంతు. తక్కిన 35 వంతులు ఎక్కడికి పోయాయో మన చెవి వెంటనే పట్టుకోలేకపోవచ్చు. రేపటి పరిశోధకుడికి కావలసింది అందులోనే ఉండవచ్చు.

చోటు, గంటలు, మనుషులు

ఇప్పుడు అసలు లెక్క. వెయ్యి గంటల టేపులు ఒకచోట పోగయ్యాయనుకుందాం. ఇది ఊహాసంఖ్య, లెక్క సులువుగా అర్థం కావడానికి తీసుకున్నది.

టేపును వేగంగా తిప్పి కాపీ చేస్తే నాణ్యత పోతుంది, కాబట్టి గంట టేపుకు కనీసం గంట. శుభ్రపరచడం, తల కోణం సరిచేయడం, వివరాలు రాయడం, చివర ఓసారి చూసుకోవడం కలిపితే మూడు గంటలు వేసుకోవాలి. వెయ్యి గంటలకు 3,000 పని గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 375 రోజులు. ఏడాదికి 250 పనిదినాలైతే ఒక మనిషికి ఏడాదిన్నర పని.

ఆ తర్వాత పాటను అక్షరాల్లో పెట్టి, అర్థం రాయాలి. రాత అలవాటు లేని భాషల్లో ఒక గంట రికార్డింగును రాసి, అనువదించడానికి 40 గంటలు పడుతుందని క్షేత్ర పరిశోధన చేసే భాషావేత్తలు సాధారణంగా వేసే అంచనా. పాట అయితే ఇంకా ఎక్కువే పట్టవచ్చు. పదాలు సాగుతాయి, పాతమాటలుంటాయి, డోలు కింద అక్షరాలు మునిగిపోతాయి. 40 గంటలే అనుకున్నా వెయ్యి గంటలకు 40,000 పని గంటలు. ఏడాదికి 2,000 గంటలు పనిచేసే ఒక మనిషికి 20 ఏళ్లు.

చోటు ఒక డిస్కు. మార్పిడి ఏడాదిన్నర. అర్థం చేసుకోవడం ఇరవై ఏళ్లు. డిజిటైజేషన్ పేరుతో వచ్చే డబ్బు చాలావరకు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. మూడోది లేకుండా దాచిన ఫైలును తెరిచినవాడికి ఎవరో ఏదో పాడుతున్నారని మాత్రమే తెలుస్తుంది.

యంత్రం ఆ ఇరవై ఏళ్లను తగ్గించలేదా? కొంత తగ్గిస్తుంది, కానీ ముందు దానికి ఆ భాష నేర్పాలి. ఓపెన్ ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ అనే మాట గుర్తించే నమూనాకు 99 భాషలు వచ్చు. తెలుగు ఉంది. గోండి, కోయ, సవర లేవు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 8.11 కోట్లు. గోండి 29.84 లక్షలు, అది కూడా నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నది. సవర 4.09 లక్షలు, కోయ 4.07 లక్షలు, కొలామీ 1.28 లక్షలు. కొండ (కూబి) భాష 60,699, గదబ 40,976. ఈ సంఖ్యలు మాట్లాడేవాళ్లవి, పాడేవాళ్లవి కావు. ఒక ఊరంతా గోండి మాట్లాడుతున్నా, రాత్రంతా గాథ చెప్పగల ప్రధాన్ ఆ ఊళ్లో ఒక్కడూ ఉండకపోవచ్చు.

ఆశకూ చోటుంది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్‌ను తెచ్చింది. మొదట అందులో చేరిన నాలుగు భాషల్లో గోండి ఒకటి. ఐఐటీ ఢిల్లీ ముందుండి నడిపిన ఆ బృందంలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాగస్వామి. ఇంకా ముందు, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాసిన చేతిరాతలు వెలుగులోకి వచ్చాయి. జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటి మీద పనిచేశారు. ఆ గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో చేరింది. అక్షరాలు, గుర్తులు, అంకెలు కలిపి 63. గోండి పాటను గోండి లిపిలోనే రాసుకునే వీలు ఏర్పడింది. ఒక గూడెంలోని పాత కాగితాలు ప్రపంచంలోని ప్రతి ఫోనూ గుర్తించగల అక్షరాలయ్యాయి. ఆ పనిలో సైబరాబాద్ ప్రాంతపు విశ్వవిద్యాలయం పాలు పంచుకున్నందుకు మనం గర్వపడాలి. అదే దారిలో పాటకు చేయాల్సింది ఇంకా చాలా ఉంది.

మనుషుల సంగతికి వస్తే 2024 ఒక్కటి చాలు. జూన్‌లో సకిని రామచంద్రయ్య కన్నుమూశారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలానికి చెందిన డోలి కోయ కళాకారుడు, 2022 పద్మశ్రీ. సమ్మక్క సారలమ్మల చరిత్రను, కోయ వీరుల గాథలను డోలు మీద పాడి చెప్పేవారు. అక్టోబరులో కనకరాజు వెళ్లిపోయారు. గుసాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న గురువు, ఊరు మార్లవాయి. నాలుగు నెలల్లో ఇద్దరు. పద్మశ్రీ వచ్చింది కాబట్టి వాళ్ల పేర్లు పేపర్లో పడ్డాయి. అదే ఏడాది ఎన్ని గూడేల్లో ఎందరు పాటగాళ్లు, పాటగత్తెలు పోయారో ఏ పేపరూ రాయలేదు.

పెద్దవాళ్లు ఉండగా పాత రికార్డింగు వినిపిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. డచ్ సంగీత పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణ భారతంలో పాటలు రికార్డు చేశాడు. 46 ఏళ్ల తర్వాత, 1984లో నజీర్ జైరజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ అనే పరిశోధకులు ఆ రికార్డింగులు పట్టుకుని తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లో అవే ఊళ్లు తిరిగారు. ఏ సంప్రదాయం నిలిచింది, ఏది మారింది, ఏది పోయింది అని ఆ ఊరివాళ్లతోనే కూర్చుని తేల్చారు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1979లో ఇలాగే మైనపు సిలిండర్ల పాటలను ఆయా తెగలకు తిరిగి అందించే పని మొదలుపెట్టింది. పాట దాచడమంటే తిరిగి ఇవ్వడం కూడా అని వాళ్లు ఆనాడే ఒప్పుకున్నారు.

ఎవరి పాట, ఎవరి మాట

తిరిగి ఇవ్వడమంటే యూట్యూబ్‌లో పెట్టేయడం కాదు. చట్టం ప్రకారం మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు, పాడినవారి హక్కు 50 ఏళ్లు. తరతరాల పాట మీద మాత్రం ఎవరికీ కాపీరైటు లేదు. చట్టం లేనిచోట మర్యాద ఉండాలి. దండారి పాటకు దీపావళి రోజులే కాలం. చావు కర్మల్లో పాడే పాటను ఇంట్లో ఊరికే పాడరు. కులదైవం గాథను చెప్పే అర్హత కొన్ని కుటుంబాలకే ఉంటుంది. రికార్డు చేసిన రోజున పాడిన ముసలమ్మ ఒప్పుకున్నది ఎదురుగా కూర్చున్న పంతులుగారి కోసం. ఆ ఒప్పుకోలు ప్రపంచమంతటికీ వర్తిస్తుందని మనం అనుకోకూడదు.

దీనికి తగిన సాధనం ఇప్పటికే ఉంది. ఆస్ట్రేలియాలో వరుముంగు జాతి వాళ్లతో కలిసి 2007లో మొదలైన ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ పాటను ఎవరు వినవచ్చో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. కొన్ని అందరికీ, కొన్ని ఊరివాళ్లకే, కొన్ని కొందరు పెద్దలకే. మన గూడేల భాషల్లో దాన్ని నడిచేలా చేయడం మాదాపూర్ ప్రోగ్రామర్లకు కొన్ని నెలల పని. ఇలాంటి పనికి సెలవు రోజులు ఇచ్చే యువత మన ఐటీ కంపెనీల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఆదివాసీ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, ముందు నడవాల్సింది వాళ్లే.

డబ్బు సంగతి కూడా తేల్చేద్దాం. పైన వేసిన లెక్కలో మార్పిడికి ఏడాదిన్నర, రాతకు 20 ఏళ్లు, మొత్తం 21.5 మనిషి-సంవత్సరాలు. గోండి, కోయ, సవర చదువుకున్న యువతను నెలకు 40,000 జీతానికి పెట్టుకుంటే ఒక్కొక్కరికి ఏడాదికి 4.8 లక్షలు. మొత్తం 1 కోటి 3 లక్షలు. పదిమందిని పెట్టుకుంటే రెండేళ్ల పైచిలుకులో పని పూర్తవుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభం వచ్చే కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఏడో షెడ్యూలులో వారసత్వం, కళలు, సంస్కృతి పరిరక్షణ స్పష్టంగా ఉంది. 52 కోట్ల సగటు లాభమున్న ఒకే ఒక కంపెనీకి ఒక్క ఏడాది పద్దు 1 కోటి 4 లక్షలు. హైటెక్ సిటీలో అంతకు ఎన్నో రెట్లు లాభాలు గడించే సంస్థలున్నాయి. వెయ్యి గంటల కొండపాటలకు పేరూ అర్థమూ పెట్టే పని ఒక కంపెనీ ఒక ఏడాది పద్దులో సరిపోతుంది. కాబట్టి డబ్బు లేదన్న మాట ఒప్పుకోవలసింది కాదు.

చివరిగా ఇంటింటి పని. ఏజెన్సీలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయులు, అటవీ శాఖ, రేడియో ఉద్యోగులు, పరిశోధన చేసినవాళ్ల పిల్లలు ఈ రోజు కొండాపూర్‌లో, మియాపూర్‌లో, నల్లగండ్లలో ఫ్లాట్లలో ఉంటున్నారు. అటక మీద అట్టపెట్టెలో నాన్నగారి క్యాసెట్లు ఉండవచ్చు. వాటిని పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి చూడకండి, బూజు పట్టిన టేపు ఒక్కసారికే తెగిపోవచ్చు. ముందు క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున చెరిగిపోకుండా ఉంటుంది. స్పీకర్లకు, తడి గోడలకు దూరంగా నిలువుగా పెట్టండి. అట్ట మీది రాతను ఫొటో తీయండి. మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన పరిశోధన సంస్థనో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం జానపద సంస్కృతి అధ్యయన కేంద్రాన్నో, వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద, గిరిజన విజ్ఞాన పీఠాన్నో అడగండి. అన్నిటికంటే ముందు, రికార్డు చేసిన పెద్దాయన బతికి ఉంటే ఈ వారంలోనే పక్కన కూర్చుని అడగండి: పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ పండగ, ఏ ఏడాది. ఆ నాలుగు జవాబులూ కాగితం మీద రాసి క్యాసెట్ పెట్టెలో పెట్టండి.